అబద్ధమాడని రబ్బరు

కారు మీటరును రెండు లక్షల డెబ్బై వేల నుంచి ఎనభై వేల కిలోమీటర్లకు వెనక్కి తిప్పించాక, డేవిడ్‌సన్‌కు శత్రువు ఒక్కటే మిగిలింది: బ్రేకు పెడల్ మీది రబ్బరు. గీతలన్నీ అరిగి బోడిగుండులా మెరుస్తోంది. ఓ మూల ఇనుము కూడా తొంగిచూస్తోంది.

“పెడల్ ఎవరు చూస్తారండీ?” అంది భార్య కృపాబాయి.

“త్యాగరాజు గారు చూస్తారు.”

కెనడాలోని ఈ సార్నియా ఊళ్లో ఆయన చూడకుండా తెలుగువాళ్లెవరూ పాత కారు కొనరు. ‘మీటరు అబద్ధం చెబుతుంది, రబ్బరు చెప్పదు’ అన్నది ఆయన సిద్ధాంతం. ఈసారి ఈ కారును ఆయన తన కోసమే కొంటున్నారు. దొరికిపోతే సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నీ గుప్పుమంటాయి. పైగా ఈ ఆదివారమే చర్చిలో డేవిడ్‌సన్‌ను సంఘ కార్యదర్శిగా ఎన్నుకోబోతున్నారు. పదవి పోతే పోయింది, పదిమందిలో తలెత్తుకోవడం ఎలా? అతనికి నిజంగానే భయం వేసింది.

కొత్త రబ్బరు తెప్పించి బిగించాడు. అది కొత్త పెళ్లికొడుకులా నిగనిగలాడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంటుందని, మళ్లీ ఊడదీసి గరుకు కాగితంతో రుద్దాడు. స్నో బూట్లు వేసుకుని గరాజ్‌లో దాన్ని తొక్కుతూ నిలబడ్డాడు. కూరలో ఉప్పు చూపించినట్టు మధ్యమధ్యలో భార్యకు చూపించాడు.

“ఎన్ని వేలు తిరిగినట్టుంది?”

“డెబ్బై.”

ఇంకో పది నిమిషాలు తొక్కాడు.

రబ్బరు బిగించి, స్టీరింగ్ వైపంతా అద్దంలా తుడిచాడు.

“ఇటుపక్క కూడా తుడవచ్చుగా?” అంది కృపాబాయి.

“అక్కడేముంది? పన్నెండేళ్లుగా నా కాళ్లేగా ఉన్నది!”

నిజమే. డ్రైవింగ్ టెస్టులో మూడుసార్లు ఫెయిలయ్యాక అతను మళ్లీ ఆ జోలికి పోలేదు. కారెప్పుడూ ఆవిడే నడిపేది.

శనివారం పొద్దున్నే త్యాగరాజు గారు టార్చిలైటుతో దిగారు. మోకాళ్ల మీద కూర్చుని బ్రేకు రబ్బరును వేలితో తడిమారు, గోరుతో గీకారు, వాసన కూడా చూశారు.

“ఎనభై వేలే. రబ్బరు అబద్ధం చెప్పదు,” అని తేల్చేశారు.

డేవిడ్‌సన్ మనసులోనే దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాడు.

“అమ్మా కృపా, నువ్వు ఓ రౌండ్ తిప్పు. నేను పక్కన కూర్చుంటా,” అంటూ త్యాగరాజు గారు ఎక్కారు.

కారు కదలకముందే ఆయన కిందికి వంగారు. టార్చి వెలిగింది. కాళ్ల కింద ఉన్న రబ్బరు మ్యాట్‌ను బయటికి లాగి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. కుడికాలు ఆనేచోట పిడికిలంత చిల్లుంది.

“డేవిడ్‌సన్, కారెప్పుడూ అమ్మాయే నడిపేదా?”

“ఎప్పుడూ తనే అంకుల్. నేను పక్కన ప్రశాంతంగా కూర్చునేవాణ్ణి.”

త్యాగరాజు గారు ఆ చిల్లులోంచి అతణ్ని జాలిగా చూశారు.

“మా ఆవిడ నడుపుతుంటే పక్కన కూర్చుని, లేని బ్రేకును తొక్కీ తొక్కీ, నా మ్యాట్‌కి ఇంత చిల్లు పడటానికి సరిగ్గా రెండు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లు పట్టిందయ్యా!”