మునిలక్ష్మి మాట

“మునిలక్ష్మి మేడమ్ ఒప్పుకొన్నారప్పా. మీరు నిమ్మళంగా ఉండండి,” అంటున్నాడు పిల్లప్ప ఫోనులో.

సొన్నమ్మ పెనం మీద దోసె తిరగేసింది. మేడమ్ అంట. ఒక్కోసారి గారు కూడా తగిలిస్తాడు. సొన్నమ్మ అనేది ఆమెకు అవ్వ ముద్దుగా పెట్టిన పేరు. ఊరంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. పిల్లప్ప అదీ పిలవడు. ఇరవై ఆరేళ్ళుగా ‘ఏమే’ అనే అంటాడు.

ఆయన ఫోను పెట్టేశాక అడిగింది. “ఒప్పుకొన్నిందా?”

“ఎవరు?”

“అదే, మీ మేడమ్.”

పిల్లప్ప నవ్వాడు. “ఒప్పుకోక ఏం జేస్తాది? నా మాట కాదంటాదా?”

“అంగన్‌వాడి యాడికి పోతాది మరి?”

“రోడ్డవతల షెడ్డు ఉండాది కదా, ఆడికి. అపార్ట్‌మెంటోళ్ళకు గేటు ఆ జాగాలోనే రావల్లంట. అది అయితే వాళ్ళ నీళ్ళ ట్యాంకర్ల పని మనకే. నీకెందుకే అవన్నీ? చట్నీ ఎయ్యి.”

చట్నీ వేసింది. ఆ రోడ్డు మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా టిప్పర్లు తిరుగుతాయి. అంగన్‌వాడికి పోయే పిల్లలు పంతొమ్మిది మంది. వాళ్ళలో సొన్నమ్మ మనవరాలు ఒకతె.

నగరం అంచున సర్జాపుర రోడ్డు నుంచి లోపలికి పోతే వచ్చే ఆ ఊళ్ళో అపార్ట్‌మెంట్లు లేచినప్పటి నుంచి పంచాయితీ మెంబరు మాటకు విలువ పెరిగింది. మునిలక్ష్మి గెలిచి మూడేళ్ళయింది. ఆమె పనులన్నీ పిల్లప్పే చూస్తాడు. ఆమె లెటర్‌హెడ్లు ఆయన సంచిలో ఉంటాయి. బోరు సంగతే చూడండి. వీధికి బోరు కావాలని పిల్లప్పతో ఏడాదిన్నర పోరింది సొన్నమ్మ. బోరు పడింది. పక్కన నాటిన రాయి మీద మునిలక్ష్మి పేరు చెక్కారు. కొబ్బరికాయ పిల్లప్ప కొట్టాడు. ఆ రోజు సొన్నమ్మ ఇంట్లో ముప్పై మందికి చిత్రాన్నం కలిపింది.

మనవరాలిని అంగన్‌వాడికి తీసుకుపోతుంటే బస్‌స్టాపు దగ్గర పక్కింటి రత్నమ్మ ఆపింది. పైన ఉగాది శుభాకాంక్షల ఫ్లెక్సీ.

“చూడవే, మీ ఆయన మునిలక్ష్మి పక్కన ఎట్ల నిలబడుకొని ఉండాడో! పెండ్లికొడుకు మాదిరి.”

సొన్నమ్మ తలెత్తింది. ఫ్లెక్సీలో మునిలక్ష్మి తెల్లగా ఉంది. ఆకుపచ్చ పట్టుచీర కట్టి చేతులు జోడించింది. అట్లాంటి చీర సొన్నమ్మకు లేదు. సొన్నమ్మ పక్కన పిల్లప్ప నిలబడి ఫోటో దిగింది పెండ్లినాడు. మళ్ళీ దిగలేదు.

“కుళ్ళు లేదా నీకు?” అంది రత్నమ్మ.

“ఉండాది.”

రత్నమ్మ పడీపడీ నవ్వింది. సొన్నమ్మ నవ్వలేదు.

అంగన్‌వాడిలో టీచరు సమీనా గోడకున్న అక్షరాల పటాలు విప్పి చుడుతోంది. ఆమె కాడుగోడి నుంచి బదిలీ మీద వచ్చి నెల కాలేదు.

“అప్పుడే సర్దేస్తుండావా?”

“ఈ రోజు పదకొండుకు సభ కదా, సొన్నమ్మక్కా. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు అంట. మునిలక్ష్మి చెయ్యెత్తితే అయిపోయినట్టే. ఆమెకు మూడు అర్జీలు రాసినాను. మూడూ మీ ఇంటాయనే తీసుకొన్నారు. ఎప్పుడు పోయినా ఆమె లేదంటారు. ఒక్కసారి కనిపిస్తే కాళ్ళు పట్టుకొనైనా అడిగేదాన్ని.”

“అర్జీలు ఆయన సంచిలోనే ఉండాయి. చదివినోళ్ళు లేరు.”

సమీనా పటం చుట్టడం ఆపింది. “ఏం మనిషక్కా ఆ మునిలక్ష్మి? ఒక్క దినమైనా ఈ పిల్లల ముఖం చూసిందా?”

సొన్నమ్మ పిల్లల వైపు చూసింది. మనవరాలు అప్పటికే చాప మీద తన చోటు చూసుకుని కూర్చుంది. మునిలక్ష్మి మీద సొన్నమ్మకు ఇంతకాలం కుళ్ళే ఉండేది. ఇప్పుడు కోపం వచ్చింది. పేరంతా దానిది, పదవి దానిది, నోరు మాత్రం లేదు. ఆయన చెప్పినదానికి తలూపే బొమ్మ.

ఇంటికి పోయి ముఖం కడుక్కుని ఉతికిన చీర కట్టుకుంది. పంచాయితీ ఆఫీసు గడప తొక్కి మూడేళ్ళయింది. నడుచుకుంటూ పోయింది.

ఆమె తలుపు దగ్గరికి చేరేసరికి సభ సగంలో ఉంది. కొత్తగా వచ్చిన అధికారి కాగితం చూసి చదువుతున్నాడు. కోలారు వాడు, తెలుగు వచ్చు.

“అంగన్‌వాడి జాగా గేటుకు ఇవ్వాలని ఐదుగురు, వద్దని ఐదుగురు. మునిలక్ష్మి గారు ఈసారీ రాలేదా?”

“ఒళ్ళు బాగలేదు సార్,” అన్నాడు పిల్లప్ప ఆమె కుర్చీలోంచి. “ఇచ్చేయమనే చెప్పి పంపినారు.” చెయ్యెత్తాడు.

“మునిలక్ష్మి వద్దంటా ఉండాది,” అంది సొన్నమ్మ.

పిల్లప్ప గిరుక్కున తిరిగాడు. ఎత్తిన చెయ్యి అట్లాగే ఉంది. “ఏమే! నువ్వెందుకొచ్చినావు ఈడికి? ఇంటికి పో!”

సభ్యులు పదిమందీ తలలు వంచుకున్నారు. ఒక్కరూ ఆమెను ఎవరని అడగలేదు. అధికారి మాత్రం కళ్ళజోడు తీశాడు.

“ఆగమ్మా. ఇది సభ్యుల సభ. బయటివాళ్ళు లోపలికి రాకూడదు. ఆమె తరఫున మాట్లాడడానికి అసలు మీరెవరు?”

సొన్నమ్మ గడప దాటి లోపలికి వచ్చింది.

“నేనే మునిలక్ష్మి.”