తొమ్మిదో పేజీ

"తొమ్మిదో పేజీ ఏదండీ?"

కండక్టరు కాగితాలు మళ్ళీ లెక్కపెట్టాడు. ఎనిమిదే.

టైపు తాత మిషన్ మీద గుడ్డ కప్పి, చేత్తో రాసిన కాగితం ఒకటి తీసి ఇచ్చాడు.

"ఇదిగో. దీన్ని కొట్టలేదు."

"ఎందుకని?"

"కథ ఎనిమిదిలోనే అయిపోయింది నాయనా. రోజూ రెండు టికెట్లు తీసుకునే ముసలామె ఆ రోజు ఒక్కటే అడిగింది. చాలు. తొమ్మిదో పేజీలో ముసలాయన పోయాడని చెప్పి, బతుకు నీటిబుడగ అని ఉపన్యాసం దంచావు. చదివేవాడికి ఆమాత్రం తెలీదా?"

కండక్టరుకి ఒళ్ళు మండింది.

ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య డిపో బల్ల మీద కూర్చుని, రోజుకి పది లైన్లు చొప్పున రాసుకున్న కథ అది. అంతకుముందు పంపిన ఐదూ వెళ్ళిన దారినే తిరిగొచ్చాయి. ఇదీ తిరిగొస్తే మళ్ళీ కలం పట్టనని భార్యకి మాటిచ్చాడు. పోటీకి పంపడానికి ఆ రోజే ఆఖరు.

"టైపు కొట్టేవాడివి టైపు కొట్టు! కథలు నేర్పడానికి నువ్వెవరివి?"

"ఎవర్నీ కాను," తాత నవ్వాడు. "రోజుకి పది లైన్లు రాస్తానన్నావే, అది మాత్రం మానకు. చెయ్యి తిరుగుతోంది."

"నీ సర్టిఫికెట్టు ఎవడిక్కావాలి!"

బయట డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. కండక్టరు ఆ ఎనిమిది పేజీలే కవర్లో కుక్కి, పళ్ళు నూరుకుంటూ పోస్టు డబ్బాలో పడేశాడు.

రెండు నెలలకి కథ అచ్చయింది.

"మొత్తానికి మీ పిచ్చి అచ్చుకెక్కింది," అంది భార్య, పత్రిక చేతిలోంచి వదలకుండా.

కండక్టరు అది అందుకుని, చంకలో పెట్టుకుని టైపు షాపుకి పరిగెత్తాడు. తలుపుకి తాళం.

"తాతా? పోయి ఇరవై రోజులైందయ్యా," అన్నాడు పక్క కొట్టు దర్జీ.

క్షమించమని అడగాలని వచ్చిన కండక్టరు, పత్రికని మళ్ళీ చంకలో పెట్టుకుని వెనక్కి నడిచాడు.

మర్నాడు సంపాదకుడు పిలిపిస్తే పత్రికాఫీసుకి వెళ్ళాడు.

"ముగింపు భలే కుదిరిందయ్యా! ఎలా తట్టింది?"

"నాకు తట్టలేదండీ. టైపు చేసిన తాత అక్కడ ఆపేశాడు. నేనేమో నోటికొచ్చినట్టు తిట్టాను."

సంపాదకుడు కళ్ళజోడు తీశాడు.

"మేడమెట్ల కింద షాపేనా? 'క' కొడితే లైను మీంచి కాస్త పైకి లేస్తుంది?"

"అదేనండీ. ఆయన పోయాడు."

 సంపాదకుడు లేచి, బీరువాలోంచి పాత కాగితాల కట్ట ఒకటి తెచ్చి బల్ల మీద విప్పాడు. పేరున్న రచయితల తొలి కథలు. కండక్టరు ఒక్కొక్కటే తిరగేశాడు. అన్నిట్లోనూ 'క' పైకి లేచే ఉంది.

"వీళ్ళంతా ఆ కుర్చీలో కూర్చుని, నీలాగే 'నాకు తట్టలేదు, తాతదే' అన్నారు."

అట్టడుగున ఉన్న కథ మీద సంపాదకుడి పేరే ఉంది.