ఎడమ వెనక టైరు

ముందు కారు డాష్‌బోర్డు మీద బ్రహ్మంగారి పటం కనపడగానే నయీం గుమ్మంలోనే ఆగిపోయాడు. అప్పటికే భార్య సాజియా, పిల్లలిద్దరూ ఆ బండిలో ఎక్కి కూర్చున్నారు.

"దిగండి. అందరూ వెనక బండిలో ఎక్కండి," అన్నాడు.

పిల్లలు వింటేనా? ఆదినారాయణ తాతతోనే పోతామని సీటు పట్టుకుని వేలాడారు. నయీం ఇద్దరినీ రెక్క పట్టి దించి వెనక కారులోకి తోశాడు. మంచి పనికి పోతూ ఈ గొడవేమిటని సాజియా సణిగింది. అమ్మ మాబున్ని కూడా అందులోనే సర్దుకుంది. ఆ కారు తోలేది ఆదినారాయణ కొడుకు వివేక్. వాళ్లంతా తలుపులు వేసుకున్నాక గాని నయీంకు ఊపిరి ఆడలేదు.

"ఇంగ నువ్వు నా పక్కన కూచో అల్లుడా. పిల్లనిచ్చేవోళ్లు దర్జాగా దిగాల పులివెందల్లో," అన్నాడు ఆదినారాయణ.

తప్పించుకునే దారేది? చెల్లెలు నాజియా పెళ్లి మాటలకు ప్రొద్దుటూరు నుంచి బయల్దేరుతున్నారని తెలిసి, షాపు పరిచయంతో మామా అల్లుడా అని వరస కలుపుకున్న రాజుపాలెం రైతు ఆదినారాయణ అడక్కుండానే తన రెండు కార్లూ తెచ్చి ఇంటి ముందు పెట్టాడు. రెండూ తెలుపే, రెండూ ఒకే రకం, నంబర్లలో చివరి నాలుగు అంకెలు కూడా ఒకటే. పెద్ద రైతులకు అదొక సరదా. పైగా అక్కడ పెద్దమనిషిగా కూర్చుని, ఈ ఇంటి పిల్లకు నేను పూచీ అని చెప్పబోయేది కూడా ఆయనే. అలాంటి మనిషితో నీ బండి నేనెక్కను అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే సంబంధం గోవిందా.

నయీంది టైర్ల షాపు. పోయిన వారం ఆదినారాయణ తెచ్చిన, బ్రహ్మంగారి పటం ఉన్న కారుకు ఎడమ వెనక టైరులో గాలి చూసే సెన్సార్ చచ్చిపోతే కొత్తది వేశాడు. దాని నంబరును కారు కంప్యూటరుకు నేర్పించాడు కూడా. అంతవరకూ పని బ్రహ్మాండం. టైరు పీకేటప్పుడు మాత్రం లివరు జారి టైరు అంచు చీలింది. జిగురు పూశాడు. అయినా గాలి సన్నగా పోతూనే ఉంది, గాలి తక్కువన్న లైటు వెలుగుతూనే ఉంది. బండి ఇప్పుడే కావాలని ఆదినారాయణ నెత్తిన కూర్చున్నాడు. చేతి తప్పు చెప్పుకోవడానికి నోరు రాలేదు మన నయీంకు. ఆ సెన్సార్‌ను ఒక ప్లాస్టిక్ పైపు ముక్కలో పెట్టి, గాలి కొట్టి, రెండు వైపులా మూసి, డిక్కీలో స్టెప్నీ కింద దాచేశాడు. టైరుకేమో మరో పూత జిగురు, మామూలు వాల్వు. ఇక కారు చూసేది ఆ పైపులో గాలినే, టైరు పేలినా లైటు వెలగదు. అంత తెలివి ఎవరికుంటుంది?

ఎర్రగుంట్ల దారిలో సిమెంటు లారీల బెడద అని జమ్మలమడుగు మీదుగా బయల్దేరారు. ఎండ మండిపోతోంది. ఆదినారాయణ కాలు యాక్సిలరేటర్ మీద నుంచి లేవడం లేదు. నయీం చెవులు మాత్రం వెనక టైరు దగ్గరే ఉన్నాయి.

"మామా, బండి ఎడం పక్కకు లాగుతాంది. ఒకసారి ఆపు, సూస్తా."

"యాడ లాగుతాంది?" ఆదినారాయణ తెర మీద వేలు పెట్టాడు. "సూడు, నాలుగు టైర్లకూ ముప్పై మూడే. మనిషి అబద్ధం చెప్తాడు గాని సెన్సార్ చెప్పదు మామా అని నువ్వే గదా అంటివి."

అన్నది తనే.

జమ్మలమడుగులో టీ తాగుదామన్నాడు నయీం. వియ్యపోళ్లింట్లో తాగుదువులే అన్నాడు ఆదినారాయణ. ఒంటికి పోవాలన్నాడు నయీం. ముద్దనూరు రానీ అన్నాడాయన. ముద్దనూరు వచ్చింది, పోయింది కూడా. వెనక నుంచి హారన్ కొట్టి ఆపించమని వివేక్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి తోలేటప్పుడు వాడు ఫోన్ ముట్టడని, అది తన పెంపకమని ఆదినారాయణ మురిసిపోయాడు.

ముందు గుట్టలు కనపడ్డాయి. మలుపుల్లో ఎదురుగా లారీలు దిగుతున్నాయి. కారు వేగం తగ్గలేదు. సంబంధం పోతే ఇంకొకటి వస్తుంది, ప్రాణం పోతే రాదు.

"మామా, ఆపు. ఆ సెన్సార్ టైర్లో లేదు, డిక్కీలో పైపులో ఉండాది. టైరు చీల్చింది నేనే."

ఆదినారాయణ కోపంగా నయీం వైపు చూశాడు. కారును మెల్లగా రోడ్డు పక్కకు తీసి ఆపాడు. అంతలో వెనక నుంచి వివేక్ కారు హారన్ కొడుతూ దూసుకుపోయింది. కిటికీలోంచి పిల్లలు, మేమే ముందు అన్నట్టు చేతులూపారు. నయీం కూడా చెయ్యి ఊపాడు. తనకేమైనా కానీ, వాళ్లు మంచి బండిలో ఉన్నారు. చెప్పుకుంటే పాపం పోతుందంటారు. నిజమే, గుండె తేలికైంది.

ఆదినారాయణ దిగి ఎడమ వెనక టైరును కాలితో తన్నాడు. రాయిలా ఉంది. డిక్కీ తెరిచి స్టెప్నీ పైకెత్తాడు. కింద ఏమీ లేదు. నయీం చెయ్యి పెట్టి మూలమూలలా తడిమాడు.

"ఈడనే పెట్టినా మామా. స్వామి పటం ఉండే బండి ఇదే గదా?"

కోపంలో అంతవరకూ ఏదీ తట్టని ఆదినారాయణ ముఖంలో ఆ కోపం పోయింది, నెత్తురు చుక్క కూడా లేదు. రోడ్డు వైపు చూశాడు. తెల్ల కారు అప్పటికే గుట్ట మలుపు తిరిగింది.

"స్వామి పటం నేను ఏ బండి తోలితే ఆ బండ్లో పెట్టుకుంటా నయీమూ," అన్నాడు. "నువ్వు సెన్సార్ మార్చింది దీనికి గాదు. ఇప్పుడు మనల్ని దాటిపాయనే, ఆ బండికి."