దూదిగాడి కాలు

చుక్కలపెట్ట పిల్లల్లో దూదిగాడికి ఏదైనా ఆలస్యంగా తెలిసేది. "నీకు రాదులే నాయనా" అంటూ తల్లే వాడి నోటికి పురుగు అందించేది. వాడు నోరు తెరుచుకుని నిలబడటమే నేర్చాడు.

ఒకరోజు, నారుమడి కెలుకుతోందని ఇంటావిడ పెట్టను గంప కింద మూసేసింది. దూదిగాడు గంప చుట్టూ తిరిగి తిరిగి ఏడ్చాడు.

"కదలకురా, నేనొస్తా!" అని పెట్ట లోపల్నుంచి మొత్తుకుంది.

ఆకలికి ఆగలేక వాడు పెంటకుప్ప కెలికాడు. రాయి వచ్చింది. మళ్లీ కెలికితే పొట్టు. ఇంకా కెలికితే చెదపురుగు! వాడు ముందు తన కాలివంక చూసుకుని, తర్వాత పురుగును తిన్నాడు.

గంప ఎత్తగానే పెట్ట ఓ పురుగును పట్టుకుని పరుగున వచ్చింది. వాడు నోరు తెరవలేదు.

"ఉండమ్మా, పనిలో ఉన్నా" అన్నాడు కెలుకుతూనే.

పెట్ట ఆ పురుగును తనే మింగింది. గుడ్లు పొదిగి పిల్లల్ని లేపిన దగ్గర్నుంచీ, దొరికిన పురుగును అది తినడం అదే మొదలు.