ముద్దాయి తాతయ్య

"తాతయ్యా, చేతులు కట్టుకోండి. ముద్దాయిలా కనిపించాలిగా!"

జడ్జి కుర్చీలోంచి ఆ అమ్మాయి అనేసరికి క్లాసంతా గొల్లుమంది.

లా కాలేజీలో ప్రతి శనివారం మాక్ కోర్టు. ఎప్పుడో జరిగిన ఒక హత్య కేసునే విద్యార్థులు వంతులవారీగా మళ్ళీ నడుపుతారు. బోనులో నిలబడటానికి ఆ పెద్దాయన వస్తాడు. ఆమె అందించిన హాజరు పుస్తకంలో వణికే చేత్తో సంతకం పెట్టి బోనెక్కుతాడు.

"ఈ మోకాళ్ళ నొప్పులతో ఎందుకొస్తారు తాతయ్యా?"

"దేవుడి ముందు ఎలాగూ నిలబడాలి కదమ్మా. అలవాటు చేసుకుంటున్నా."

ఆ రోజు గంటలోపు తీర్పు చెబితే పూర్తి మార్కులు. ఎక్కువ మార్కులొచ్చిన ఒక్కరినే అసలు కోర్టులో శిక్షణకు పంపుతారు. ఆమె కళ్ళు గడియారం మీదే ఉన్నాయి.

సాక్షిగా నిలబడ్డ కుర్రాడు అప్పజెప్పినట్టు చెప్పాడు. "నా గది కిటికీలోంచి చూశానండీ. పొడిచింది ఇతనే."

లాయర్లు ఏమీ అడగలేదు.

తాతయ్య మెల్లిగా చెయ్యెత్తాడు. "అమ్మా, జడ్జి కూడా సాక్షిని అడగొచ్చు. ఆ కిటికీ అసలు తెరుచుకుంటుందా అని, ఒక్క ముక్క..."

"లాయర్లు అడగంది నాకెందుకు తాతయ్యా? నా ముందుకొచ్చింది చూసి తీర్పు చెప్పడమే నా పని. టైమైపోతోంది, మీరూరుకోండి!"

ఆయన మళ్ళీ చేతులు కట్టుకున్నాడు.

"అవునమ్మా. అలాగే అనిపిస్తుంది," అని తల దించుకున్నాడు.

ఆమె యావజ్జీవం వేసింది. చప్పట్లు మోగాయి. శిక్షణ ఆమెకే దక్కింది.

మరుసటి శనివారం బోను ఖాళీగా ఉంది.

"తాతయ్య పోయారమ్మా. బుధవారం పొద్దున," అన్నారు మాస్టారు.

ఆమె బోను దగ్గరికి నడిచింది.

"సార్... ఆ కిటికీ తెరుచుకునేదా?"

మాస్టారు నిట్టూర్చారు. "ఇన్నేళ్ళలో అడిగింది నువ్వొక్కదానివే. ఈ మాట ఆయన చెవిన పడాల్సింది."

బీరువాలోంచి అసలు ఫైలు తీసి ఆమె చేతిలో పెట్టారు.

"దానికి బయటినుంచి చెక్కలు కొట్టేసి ఉన్నాయమ్మా. అది తేలేసరికి అంతా అయిపోయింది."

"అయ్యో! ఎన్నేళ్ళున్నారు సార్, తాతయ్య జైల్లో?"

"ఆయన కాదమ్మా. ఆ ముద్దాయి జైల్లోనే చనిపోయాడు."

ఆమె చివరి పేజీ తిప్పింది.

తీర్పు కింద జడ్జి సంతకం ఉంది. ప్రతి శనివారం హాజరు పుస్తకంలో చూసిన సంతకమే, కాకపోతే అప్పటికింకా వణకని చేత్తో పెట్టింది.