ఇస్మే ఆంటీ వసారా

జార్జ్‌టౌన్‌లో విక్టోరియా రాణి కాలంనాటి, స్తంభాల మీద ఎత్తుగా కట్టిన కొయ్య ఇల్లు ఇస్మే ఆంటీది. దాన్ని వారసత్వ కట్టడంగా ఉంచాలో, కూల్చాలో తేల్చడానికి ఇంజనీరు పర్సాద్ వచ్చాడు. కూల్చమని రాస్తే, పుట్టింది మొదలు అక్కడే ఉన్న ఆంటీ రోడ్డున పడుతుంది.

"మొత్తం పుచ్చిపోయింది ఆంటీ, కావాలంటే చూడు!" అంటూ వసారా నేలను కాలితో ఫెడీమని తన్నాడు. నేల విరగలేదు. కాలు మాత్రం రెండు చెక్కల సందులో మోకాలిదాకా దిగి ఇరుక్కుంది.

ఆంటీ రంపం తెచ్చి చెక్కను కోయబోయింది. నాలుగుసార్లు లాగేసరికే రంపం పళ్ళు ఊడాయి.

"ఇదేం చెక్కే తల్లీ, ఇనుమా?"

"గ్రీన్‌హార్ట్ కలప నాయనా. పుచ్చిపోయిందన్నావుగా, గట్టిగా లాగు, అదే ఊడొస్తుంది."

వీధి జనం మూగి నవ్వసాగారు. పర్సాద్‌కు చెమటలు పట్టాయి.

"పుచ్చలేదు! ఇంకో నూరేళ్ళు నిలుస్తుంది! కూల్చొద్దనే రాస్తాను, సరేనా?" అని అందరూ వినేలా అరిచాడు.

అప్పుడు ఆంటీ లోపలికెళ్ళి కొబ్బరినూనె తెచ్చి అతని పిక్కకు పట్టించింది. కాలు సర్రున పైకొచ్చింది. బూటు మాత్రం ఇంటికింద కోళ్ళ మధ్య పడింది.

"ఈ నూనేదో ముందే తేవచ్చుగా ఆంటీ?"

"ఎలా తెస్తాను నాయనా? అప్పటికింకా ఇల్లు పుచ్చిపోయే ఉందిగా!"