లీటరు ప్రెషర్

మెకానిక్ షెడ్డు ముందు కారు ఆగింది.

ఒక పెద్దాయన కంగారుగా దిగాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. ఫోటో దిగడానికి వచ్చినట్టున్నాడు.

"ఎర్ర దీపం వెలిగింది బాబూ. నూనె చెంబు బొమ్మ. కారు మా అల్లుడిది. ఆ దీపం వెలిగితే అడుగు కూడా నడపొద్దు మావయ్యా అన్నాడు. కాస్త తొందరగా చూస్తారా?"

మేస్త్రి తల ఎత్తలేదు. ఉదయం నుంచీ అతని చూపంతా తన ఫోను మీదే ఉంది.

ఆ రోజు తమ్ముడి కేసు. ఆఖరి వాయిదా.

తమ్ముడు నడుపుతున్న లారీ కింద ఒక మనిషి పడి చనిపోయాడు. "నా తప్పు లేదన్నా, అతనే వచ్చి చక్రాల కింద పడ్డాడు" అని తమ్ముడు ఎంత ఏడ్చినా నమ్మినవాళ్ళు లేరు. చివరికి లాయరే, జరిగింది కళ్ళారా చూసిన మనిషిని ఒకణ్ణి వెతికి పట్టుకున్నాడు.

"ఎవరు సార్ ఆయన?" అని మేస్త్రి అడిగాడు.

"నీకు చెప్పను. నీ నోట్లో నువ్వుగింజ నానదు. అవతలివాళ్ళ చెవిన పడితే సాక్షిని బెదిరిస్తారు. నువ్వు కోర్టుకీ రాకు. షెడ్డులోనే ఉండు, నేను ఫోన్ చేస్తాను."

తల్లీ తండ్రీ తానే అయి పెంచిన తమ్ముడు. మేస్త్రికి రాత్రంతా కంటి మీద కునుకు లేదు.

నీరసంగా లేచి బానెట్ ఎత్తాడు. డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. ఆయిల్ నిండుగా ఉంది. సెన్సర్ విప్పి, ఆ చోట ప్రెషర్ గేజ్ బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. ముల్లు ఎక్కడ ఉండాలో అక్కడే నిలబడింది.

ఇంజన్ రాయిలా ఉంది. చెడింది దీపం వెలిగించే ఆ సెన్సర్ ఒక్కటే. దాన్నే మళ్ళీ బిగించుకుని నిశ్చింతగా నడుపుకుపోవచ్చు.

ఆ మాటే చెప్పేవాడు.

"ఏంటి మేస్త్రీ, పొద్దుట్నించీ మొహం మాడ్చుకున్నావు? ఒక్కసారి నవ్వరాదూ?" అన్నాడు పక్కనుంచి వెల్డరు.

మేస్త్రి వెల్డరుకి కన్నుగీటి, పెద్దాయన వైపు తిరిగాడు.

"ఆయిల్ ఉందండీ. ప్రెషర్ అయిపోయింది."

"అయ్యో! మీ దగ్గర లేదా?"

"నిన్ననే ఖాళీ అయింది. వీధి చివర స్పేర్ పార్టుల కొట్లో ఒక లీటరు పట్రండి. చిక్కటిది అడగండి. పలచనిదిస్తే తీసుకోకండి."

"చిక్కటిది," అని పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు పెద్దాయన. "అది లేకుండా నడిపితే?"

"ఇంజన్ పట్టేస్తుంది. ఆ తర్వాత మీరూ మీ అల్లుడూ తేల్చుకోండి."

"పోనీ బండి ఇక్కడ వదిలేసి టాక్సీలో వెళ్ళనా? అవతల నాకు తొందర పని..."

"టాక్సీ ఎందుకండీ! ఇలా వెళ్ళి అలా వచ్చెయ్యడమేగా."

పెద్దాయన దాదాపు పరుగెత్తుతూ వెళ్ళాడు.

మేస్త్రి కొట్టుకి ఫోన్ చేశాడు. విడమరిచి చెప్పే పని లేదు. పనిలో కొత్తగా చేరినవాళ్ళని అలా తిప్పడం ఆ వీధిలో అందరికీ అలవాటే.

కాసేపటికి స్పేర్ పార్టులతను ఫోన్ చేశాడు. "బావా, నీ ప్రెషర్ బేరం వచ్చింది. మా దగ్గర పలచనిదే ఉందని టైర్ల కొట్టుకి తోలాను."

ఆ తర్వాత టైర్లతను. "బ్యాటరీల కొట్టుకి పంపించా బావా. ఏం పరుగు, ఏం పరుగు!"

వెల్డరు పొట్ట పట్టుకుని నవ్వాడు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో.

కారులో పెద్దాయన మరిచిపోయిన ఫోను మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది.

"వాళ్ళావిడ అయ్యుంటుంది. ఆవిడకి మాత్రం ప్రెషర్ బాగా పెరిగినట్టుంది," అన్నాడు మేస్త్రి.

మళ్ళీ నవ్వులు.

"ఎండ మండిపోతోంది. పాపం, పిలిచెయ్ మేస్త్రీ," అన్నాడు పెయింటరు.

"పాపమని పాతచీర ఇస్తే గోడచాటుకెళ్ళి మూర వేసిందట. తిరగనీరా. కాస్త కొవ్వు కరుగుతుంది."

అప్పుడు మేస్త్రి ఫోను మోగింది. లాయరు.

"సాక్షి రాలేదు," అన్నాడు. "జడ్జి గారు చూసి చూసి తీర్పు చెప్పేశారు. మీ తమ్ముడికి శిక్ష పడింది. తీసుకెళ్ళిపోయారు."

మేస్త్రి చేతిలోని పానాని నేలకేసి కొట్టాడు.

"మాటిచ్చి రాలేదా? వాడి కాళ్ళు పడిపోను! వాడి నోట మన్ను పడ! ఎక్కడ ఊరేగుతున్నాడో వెధవ!"

వెల్డరు, పెయింటరు చెరో పక్క నిలబడిపోయారు.

పెద్దాయన తిరిగొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. తెగిన చెప్పు ఒకటి చేతిలో ఉంది.

"ప్రెషర్ అమ్మే వస్తువు కాదటగా," అన్నాడు మెల్లిగా. "ఆఖరి కొట్లో ఒకాయన జాలిపడి చెప్పాడు."

చేతిలోని చెప్పు కింద పెట్టాడు.

"నవ్వుకోవడానికైతే ఇంకో రోజు వచ్చేవాణ్ణి బాబూ."

మేస్త్రి కోపమంతా ఆయన మీదికి మళ్ళింది.

"నడిస్తే అరిగిపోయారా? మీ బండి లక్షణంగా ఉంది, తీసుకుపోండి! ఇక్కడ మా బతుకు బుగ్గయిపోయి మేమేడుస్తుంటే... నాలుగు కొట్లు తిరిగినందుకు మీ కొంపేం మునిగిందట?"

పెద్దాయన కారులోంచి ఫోను తీసి చూసుకున్నాడు. చాలాసేపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

"మునిగింది నా కొంప కాదు బాబూ," అన్నాడు. "ఒక మనిషి తనంతట తానే లారీ కింద పడ్డాడనీ, ఆ డ్రైవరు కుర్రాడి తప్పేమీ లేదనీ ఇవాళ కోర్టులో చెప్పడానికి, చూసినవాణ్ణి నేనొక్కణ్ణే."